పిడికెడు గింజలు

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము - ఈ మూడు ఊళ్లును ఒకే రైలు మార్గము మీద వరుసగా నున్నవి. ఒక స్త్రీ జీవితమంతయు ఆ మార్గము వెంబడియే గడచినది. ఆమె ధర్మవరములో పుట్టి, పెనుకొండలో కాపురము చేసి, హిందూపురములో ముసలిదయ్యెను. సంఘపు రిజిష్టరులో ఆమెకు బాప్తిస్మపు పేరొకటి యుండెను గాని, ఆ పేరుతో పిలిచినవారు లేరు. మనుమలకే కాక వీధిలోని వారందరికిని ఆమె 'అవ్వ'.

ధర్మవరము పట్టుచీరలకు పేరుపడిన ఊరు. చీర నేసినవానిని లోకము మెచ్చును. వానికి కండెలు చుట్టి యిచ్చిన పిల్లలను ఎవరును తలవరు. అవ్వ ఏడెనిమిదేండ్ల ప్రాయమునుండియే కూలికి పట్టునూలు చుట్టెను. దారము జారి జారి ఆమె చూపుడువ్రేలి మీద సన్నని గాడి పడెను. అది తుదివరకు మాయలేదు. పెండ్లియైన పిమ్మట ఆమె పెనుకొండకు పోయెను. 1565లో తళ్లికోట యుద్ధమైన తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసికొనిన చోటది. అవ్వ భర్త రైలుపట్టాలు సరిచేయు గ్యాంగు కూలీ. కొండమీది కోట ఆమెకు కట్టెలు దొరకు తావు మాత్రమే. భర్త పోయిన తరువాత ఇద్దరు బిడ్డలతో హిందూపురము చేరి, బెల్లపు మండీలో కూలి చేసి వారిని పెంచెను.

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. రాయలసీమలోని లండను మిషను సంఘములు అందులో చేరినవి. చర్చి పేరు మారెను గాని అవ్వ పని మారలేదు. ఆదివారము తెల్లవారకముందే దేవాలయము ఊడ్చుట, ప్రసవ వేదన పడు స్త్రీల యొద్ద రాత్రులు మేలుకొనుట, పిడికెడు బియ్యము కూర్చుట - ఇవి ఆమెవి.

పిడికెడు బియ్యమనునది తెలుగు క్రైస్తవ సంఘములలో పాత ఆచారము. ఇల్లాలు పూటపూటకు వంటకు గింజలు కొలిచిన తరువాత, అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. వారాంతమున ఆ గింజలు సంఘమునకు చేరును. వాటిని అమ్మిన సొమ్ము సంఘపు ఖర్చులకు వచ్చును. పేరు బియ్యమే గాని, హిందూపురపు ప్రాంతమున రాగిసంగటి తినువారే హెచ్చు గనుక, అవ్వ యింటిలోని పెద్ద బానలో రాగులే నిండియుండెడివి. ఆ యేడు వాటిని అమ్మి దేవాలయపు వసారాకు పెంకులు కప్పింపవలెనని సంఘపెద్దలు తీర్మానించిరి.

అది 1952వ సంవత్సరము. రాయలసీమను కరవు పట్టినది. ప్రభుత్వము గంజి కేంద్రములు తెరచినది. సైనికులు వచ్చి ఎండిన బావులను లోతు చేసిరి. తినుటకే లేనప్పుడు పట్టుచీర కొనువారెవరు? ధర్మవరములో మగ్గములు ఆగిపోయినవి. పని వెదకుచు కొందరు నేతవారు రైలెక్కి దక్షిణముగా వచ్చిరి.

ఒక మధ్యాహ్నము మండీనుండి వచ్చుచు అవ్వ స్టేషను ప్రక్కన చింతచెట్టు క్రింద ఒక యువతిని చూచెను. ఇద్దరు బిడ్డలు ఆమె ఒడిలో సొమ్మసిల్లి యుండిరి. ఆమె చేయి చాపి అడుగలేదు. అయినను చూపుడువ్రేలి మీది గాడిని అవ్వ గుర్తుపట్టెను.

"ధర్మవరమా, అమ్మా?"

యువతి తల యూపెను. అవ్వ ఇంటికి పోయి గంజి కాచి తెచ్చెను. యువతి గిన్నె వైపు చూచెను, అవ్వ మెడలోని సిలువను చూచెను, తల వంచుకొనెను. పరుల చేతి వంట ముట్టని కట్టుబాటులో పెరిగిన పిల్ల అది. ఆకలి ఆ కట్టుబాటుకంటె పెద్దదని బోధింపవచ్చును. కాని అవ్వ ఏమియు అనలేదు. మరల ఇంటికి పోయి, బానలోని రాగులు శేరెడు కొలిచి, పిండి విసరి, క్రొత్త కుండయు కట్టెలును తెచ్చి, మూడు రాళ్లు పేర్చి, "నీవే కాచుకో, తల్లీ" యని దూరముగా కూర్చుండెను.

మరునాడు నలుగురు వచ్చిరి. తరువాత లెక్క పెరిగినది. గంజి త్రాగువారికి గంజి, త్రాగనివారికి గింజలు. అవ్వకు చదువు రాదు. శేరుకొక బొగ్గు గీత చొప్పున గోడమీద గీచుచు వచ్చెను. బాన అడుగు కనబడునప్పటికి గోడమీద 112 గీతలుండెను.

సంఘము కూడినది. కోశాధికారి కఠినుడు గాడు. ఆయన మాటలోను న్యాయము లేకపోలేదు. "అవ్వా, ఒకందుకని జనులిచ్చినది నీవు మరొకందుకు ఖర్చు చేసితివి. రేపు ఎవరైన నన్నడిగినచో ఏమని చెప్పవలెను?" అనెను. క్షమించి విడువుడని కుర్రవారు కొందరు పలికిరి. అవ్వ లేచి నిలువబడెను.

"క్షమించవద్దు, అయ్యా. నేను పెట్టినది తప్పనుకొనను. కాని గింజలు నావి కావు. తీర్చెదను."

నాటినుండి ఆమె ఒంటిపూట తినెను. శేరు గింజలు బానలో పడిన నాడు తడిగుడ్డతో ఒక గీత తుడిచెడిది. వంటింట నిలిచి, ఎన్ని మిగిలినవో మనుమడు ఎంచి చెప్పెడివాడు. ఇరుగుపొరుగు స్త్రీలు చాటుగా బానలో చేరెడు పోయబోగా ఆమె ఒప్పుకొనలేదు. ఒక్కరికి మాత్రము ఒప్పుకొనెను. వానలు కురిసి మగ్గములు ఆడిన పిమ్మట, ధర్మవరపు యువతి రాగుల మూటతో రైలు దిగి వచ్చెను. అవ్వ ఆమెచేతనే కొలిపించి, తడిగుడ్డ చేతికిచ్చి, "ఇవి నీ గీతలు" అని చూపెను. ఆమె ఆరు గీతలు తుడిచి, ఆ పూట అవ్వ వండిన సంగటి తిని పోయెను.

వసారాకు పెంకులు మూడేండ్లు ఆలస్యముగా పడినవి. ఆ బాన ఇప్పుడు మనుమని యింట నున్నది. అంచు కొంచెము విరిగినది. మనుమని భార్య అందులో రాగులు పోయుచున్నది.