గడియు, కలమును

భయంకర కథలయందు మనవారికి నానాటికి మక్కువ హెచ్చుచున్నది. వకీలో, వైద్యుడో, ఉపాధ్యాయుడో యొక సామాన్యుడు తన పని తాను చూచుకొనుచుండగా, హత్యకు వెనుదీయని కుటుంబమొకటి యాతని త్రోవకడ్డముగా వచ్చును. ఆతడు మొదట భయపడును, పిదప తెగించును, తుదకు తానొక్కడే యా కుటుంబమును కూల్చును. ఇట్టి కథలు చదువుటలో దోషము లేదు. కాని వానియందు రెండబద్ధములు దాగియున్నవని మాకు తోచును. దుర్మార్గ కుటుంబము కేవలము తన కండబలముచేతనే నిలుచుననుట మొదటిది. దాని నెదిరించువారు ఒంటరిగా గెలుతురనుట రెండవది. ఈ మాటల నిజానిజములు తెలిసికొనుటకు దూరదేశముల కరుగనక్కరలేదు. ఓరుగల్లునుండి రెండు గంటలలోపల చేరదగిన పాలకుర్తి చాలును.

పాలకుర్తి పేరు తెలుగు చదివినవారికి క్రొత్తది కాదు. అది సోమనాథకవి యూరు. పోతన పేరుతో ముడివడిన బమ్మెర దాని ప్రక్కనే కలదు. సోమనాథుడు తన బసవపురాణమున మడివాలు మాచయ్యయను చాకలి భక్తుని కథను రాజుల కథలకు తీసిపోని గౌరవముతో చెప్పెను. ఆ పురాణమును మన పెద్దలు పూజించిరి. అయినను కొన్ని వందల యేండ్లు గడచిన పిదప గూడ ఆ యూరి చాకలివారు దొరల బట్టలను, అంట్లను కూలిలేకుండ కడుగుచునే యుండిరి. గ్రంథమును గౌరవించుట వేరు, గ్రంథము చెప్పిన మనుష్యుని గౌరవించుట వేరని యీ యొక్క యూరే చాటుచున్నది.

పాలకుర్తికి సమీపముననే విసునూరు కలదు. అచ్చటి దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి. ఆ కుటుంబముక్రింద నలువదివేల యెకరముల భూమి యుండెనని చరిత్రకారులు వ్రాసిరి. ఇంత భూమి యొక కుటుంబమున కెట్లు చేరెను? కఱ్ఱలు పట్టిన గూండాల వలననే యనుకొనుట పొరపాటు. దేశముఖులు పూర్వము శిస్తు వసూలుచేయు నుద్యోగులు. సాలార్జంగు సంస్కరణములతో, అనగా 1860 తరువాతి దశాబ్దములలో, ఆ యుద్యోగము పోయి దానికి బదులు వతనులు వచ్చెను. పిమ్మట భూమి కొలతలు జరిగినప్పుడు, దున్నువాని పొలము దున్ననివాని పేర పట్టా యయ్యెను. ఆ పట్టా వ్రాసినది గూండా కాదు. వ్రాత నేర్చిన పట్వారి. లెక్కలు ఉర్దూలో నుండెడివి. రైతునకు తెలుగు చదువే రాదు. తన పొలము తనది కాకుండ పోయినదని ఆతనికి చాల కాలము తెలియనైన తెలియదు. కావున గడికి కోటగోడ యెంత యవసరమో, కలమును అంత యవసరమయ్యెను.

ఐలమ్మ కథయు కలము దగ్గరనే ఆరంభమైనది. ఆమె 1895 ప్రాంతమున రాయపర్తి దాపుననున్న కృష్ణాపురమున జన్మించి, చిట్యాల నరసింహను పెండ్లాడి పాలకుర్తికి వచ్చెను. నలుగురు కొడుకులు, ఒక కూతురు. కులవృత్తి చాకిరి, దానితో కడుపు నిండదు. మల్లంపల్లి భూస్వామివద్ద నలువది యెకరములు కౌలుకు గొని, అందు కొంత సాగుచేసి, ఆ యింటివారు రెండుపూటల తినజొచ్చిరి. చాకలియింట ధాన్యపు గాదె నిండుట ఊరికి వింత. పాలకుర్తి పట్వారి తన పొలమునకు వెట్టికి రమ్మని కబురంపెను. తమ పొలము పని తమకు చాలునని వారు చెప్పిరి. ఇంతమాత్రమే జరిగినది. పట్వారి యీ సంగతిని దేశముఖు చెవిని వేసెను.

ఇచ్చట కొంచెము నిలిచి యాలోచింపవలెను. ఆ పట్వారి హంతకుడు కాడు. ఇంట దీపము పెట్టి, పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుకొని, పండుగలు జరుపుకొను గృహస్థుడే. మనవంటివాడే. చాకలిది లేదనుట ఆతనికి అవమానమయ్యెను. ఆ యవమానమునుండియే తక్కినదంతయు పుట్టినది. భయంకర కథలలో గూండా ముఖము మనకు కనబడును; ఈ గృహస్థుని ముఖము కనబడదు.

ఐలమ్మ ఆంధ్రమహాసభలో, అనగా జనులు సంఘమని పిలిచినదానిలో, చేరెను. దేశముఖు పక్షమువారు సంఘమువారిపై దొంగకేసు బనాయించిరి. ఆమె భర్తయు, కొడుకులును చెరసాల పాలైరి. ఆ కేసు న్యాయస్థానమున నిలువలేదు. అటుపిమ్మట పండిన పంటను కోసికొని పోవుటకు దేశముఖు తన మనుష్యులను పొలముపైకి పంపెను. వారు నూరుమందికి మించిరని చెప్పుదురు. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలగు సంఘనాయకులు కొద్దిమంది వాలంటీర్లతో వారిని తరిమివేసి, పంట కోసి, ధాన్యమును ఆమె యింటికి చేర్చిరి. ఆమె యింటికి నిప్పు పెట్టబడెను. అయినను ఆమె యూరు విడువలేదు, పొలము విడువలేదు.

ఈ విజయము న్యాయస్థానమువలన కలిగినదా, సంఘమువలన కలిగినదా యని యడుగువారు బందగీ కథను తెలిసికొనవలెను. కామారెడ్డిగూడెమునకు చెందిన షేక్ బందగీ యను రైతు, అదే దేశముఖు అండగల తన దాయాదితో భూమికై యేండ్ల తరబడి వ్యాజ్యమాడెను. తుదకు గెలిచెను. గెలిచినందుకే ఆతనిని దారికాచి చంపిరి. చేత తీర్పు కాగితమున్నది. ప్రక్కన మనుష్యులు లేరు. ఈ కథ ననుసరించియే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు 1947లో 'మా భూమి' నాటకమును వ్రాసిరి. బందగీ సమాధియొద్ద హిందువులును, ముసల్మానులును సమముగా మ్రొక్కుదురు. ఇరువురు ప్రతివాదులను, ఒక్క గడిని పోల్చి చూచినచో, న్యాయము గెలుచుట వేరు, గెలిచిన న్యాయము ఇల్లు చేరుట వేరని తేలును. ఇల్లు చేర్చినవారు ధాన్యము మోసిన ఇరుగుపొరుగువారు.

దేశముఖు తల్లి కడవెండి గడిలోనుండి ఆ చుట్టుప్రక్కల గ్రామములను శాసించెడిది. 1946 జూలై 4వ తేదీన సంఘమువారు ఊరేగింపుగా పోవుచుండగా గడి మనుష్యులు తుపాకులు కాల్చిరి. దొడ్డి కొమురయ్య నేలకొరగెను. అప్పటినుండి జరిగినది చరిత్ర పుస్తకములన్నింటను కలదు గనుక మేము మరల చెప్పము. 1948 సెప్టెంబరులో నిజాము పాలన యంతరించెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌల్దారీ చట్టము వచ్చెను.

కలము గడికి మాత్రమే ఊడిగము చేసెననుట న్యాయము కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక బయలుదేరెను. మాడపాటి హనుమంతరావుగారు వెట్టిచాకిరిపై గ్రంథము వ్రాసి పంచిపెట్టిరి. చట్టమున నిషేధింపబడినదేదో, చెల్లించవలసిన కూలియేదో, జనులకు చదివి వినిపించినవారు గుమాస్తాల కొడుకులు, వకీళ్లు, బడిపంతుళ్లు. పట్వారి కలమును పట్టిన కులములనుండియే వీరును వచ్చిరి. ఒకే చదువు, రెండు త్రోవలు. ఏ త్రోవ పోవలెనో చదువు తనంతట చెప్పదు.

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసెను. మరుసటి యేట స్త్రీశక్తి సంఘటనవారు ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆమె మాటలు ఆమె నోటనే యున్నవి. చాలకాలము ఉద్యమ చరిత్రలో నాయకుల పేరుల నడుమ ఒక పంక్తిగా నుండిన యామె, అందు తన కథను తానే చెప్పుకొనెను. 2024లో హైదరాబాదునందలి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడెను. అక్షరము రాని యామె పేరు పట్టాలపై అచ్చగుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే.

అయినను మాకొక సందేహము కలదు. ఆమెను మనము చాకలి ఐలమ్మ యనియే పిలుచుచున్నాము. ఆ పిలుపునందు అభిమానమున్నదని కొందరందురు. ఇంటిపేరు చిట్యాల యుండగా కులమేల యని మరికొందరందురు. పిలుపుకంటె నడవడి ముఖ్యమని మా యభిప్రాయము. నేడును మన యిండ్లకు బట్టలకై, అంట్లకై వచ్చు స్త్రీలు కలరు. వెట్టిని, బానిసకూలిని చట్టము నిషేధించినది. 1976లో దేశమంతటికిని చట్టము చేయబడినది. కాని పండుగనాడు అదనపు చాకిరికి కూలి లెక్క కట్టుదుమా? ఆమె జబ్బుపడిన నాలుగు దినములకు జీతము కోసెదమా? నేడు రానని ఆమె చెప్పినప్పుడు మన మనస్సున కలుగు చిరాకెట్టిది? పాలకుర్తి పట్వారికి కలిగిన యవమానమునకు అది చిన్నతమ్ముడు కాదుగదా!

క్రూర కుటుంబములు మనయూర లేవని మనము నిశ్చింతగా నుండవచ్చును. కాని అట్టి కుటుంబము వచ్చినప్పుడు దాని మొదటి యవసరము తుపాకి కాదు, వ్రాసిపెట్టువాడు. దొంగ పట్టాకు, దొంగ సాక్ష్యమునకు, దొంగ లెక్కకు చేయిచాచునది మనవంటి చదువరులయొద్దనే. అప్పుడు లేదనగలుగుటకు అలవాటు కావలెను. ఆ యలవాటు న్యాయస్థానమున రాదు. ఇంటి వాకిట, బట్టల లెక్క వ్రాసికొను చిన్న పుస్తకముమీదనే రావలెను. ఆ లెక్క సరిగా వ్రాసి, కూలి సరిగా ఇచ్చిన పిదపనే, ఆమె విగ్రహమునకు మనము దండ వేయుట శోభించును.