కోత నెల

ఆగస్టు 26, 2025
రేపే చవితి. ఆఫీసు నుంచి వస్తూ మాదాపూర్ రోడ్డు పక్కన పత్రి కట్ట కొన్నాను. ‘‘మాచిపత్రి ఉందామ్మా?’’ అంటే ‘‘అన్నీ ఉన్నయ్ సార్, చూస్కోండ్రి’’ అంది అమ్మే ఆమె. పూజకు కావాల్సిన ఇరవయ్యొక్క రకాలు ఆమె లెక్కలో అయిదో ఆరో. మాచిపత్రి మాత్రం నిజంగానే ఉంది. ఆకు వెనక తెల్లటి నూగు. నలిపితే కర్పూరంలో చేదు కలిసిన వాసన.

ఆగస్టు 31
హిమాలయాల్లో మాచిపత్రి దారుల పక్క కలుపులా మొలుస్తుందట. నూనెలో థూజోన్, కర్పూరం, జెర్మాక్రీన్-డి. ఏది ఎంత అన్నది మొక్క రకాన్ని, కొండ ఎత్తును, కోసిన నెలను బట్టి మారుతుంది. పెప్పర్‌మింట్‌లో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది: లేతాకులో మెంథోన్ ఎక్కువ, ఆకు ముదిరేకొద్దీ ఒక ఎంజైము దాన్ని మెంథాల్ చేస్తుంది.

సెప్టెంబరు 19
వాన. నూనె కోసం పెంచే తులసిని వాన వెలిశాక వెంటనే కోయకూడదు, బాగా ఎండ కాసిన రోజు చూసుకోవాలి. బాల్కనీ తులసికి ఈ నియమాలేం పట్టవు, జలుబు చేసిన రోజే కోత.

నవంబరు 9
హైటెక్ సిటీ కెఫేలో డిఫ్యూజరు పక్కన ‘హిమాలయన్ జటామాంసి’ నూనె సీసా. గడువు తేదీ ఉంది, మిల్లీలీటర్లున్నాయి, వేరు తవ్విన నెల లేదు. మా ఆఫీసులోనైతే వెర్షన్ నంబరు లేని సాఫ్ట్‌వేర్ బిల్డును టెస్టింగ్ వాళ్లు ముట్టుకోరు. పైగా జటామాంసి అంతరించే అంచున ఉన్న మొక్క. 1997 నుంచీ దాని అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ ఒప్పందం నిఘాలో ఉంది. ఎక్కడ తవ్వారో కూడా రాయాల్సిన సరుకు.

ఫిబ్రవరి 22, 2026
పూలబండి మీద దవనం. మాచిపత్రికి చెల్లెలే, అదీ ఆర్టెమీసియానే, కాకపోతే మన దక్షిణాది పంట. నూనె కోసమైతే నవంబరు ప్రాంతంలో వేసి, పూత మీదుండగా ఫిబ్రవరి, మార్చిల్లో కోస్తారు. చలి, మంచు దానికి మేలు, జోరు వాన చేటు. సెంట్లవాళ్లు వెతికేది అందులోని డావనోన్‌ని. వేసవి పంటలో నూనె తక్కువ, అది దండలకే. పూలామెనడిగితే ‘‘ఎండకాలంల వస్తది గానీ ఇంత గుమగుమ ఉండదు సార్’’ అంది. ఆమె చేతికిస్తే సీసా మీద నెల వేసే ఇస్తుంది.

బోడుప్పల్‌లో సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. రెండు కాలాల దవనం నూనె పక్కపక్కన పెట్టి వాసన చూడనిస్తారేమో అడగాలి. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ఉప్పల్ దాకా మారే పని లేదు, అక్కణ్నుంచి ఆటో.