పిస్టనుపై అంకె

యంత్రముల మరమ్మతును గూర్చి సాహిత్యపత్రికలో వ్రాయుట తగునా యని చదువరులు శంకింపవచ్చును. కాని పుస్తకములవలన మేము నేర్వని యొక పాఠమును మరమ్మతుకొట్టులో నేర్చితిమి. దానిని దాచుకొనుట కృతఘ్నత యని తోచి వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు వాడి మాకు విడిచిపోయిన యెజ్డీ మోటారుసైకిలు ఒకటి కలదు. ఈ వంశపు బండ్లకు మూలము చెక్ దేశపు జావా. మైసూరులో 1961 మొదలు జావా పేరితోను, 1973 తరువాత యెజ్డీ పేరితోను తయారై, 1996లో నిలిచిపోయినవి. దీనికి పొగగొట్టములు రెండైనను సిలిండరు ఒక్కటియే. దాని లోపలి వ్యాసము 65 మిల్లీమీటరులు. పిస్టను నడక 75.

ఒకప్పుడు బండి ఎత్తెక్కుట మానినది. ఇంజనులో టకటకమని చప్పుడు బయలుదేరినది. పిస్టను అఱిగినదని గ్రహించి, తండ్రిగారి కైపుస్తకమును తెఱచి, అందున్నట్లే 65 మిల్లీమీటరుల క్రొత్త పిస్టనును తెప్పించి మేస్త్రికడకు కొనిపోయితిమి.

"ముందు కొలవాలండీ" యనెను మేస్త్రి.

"అచ్చులో ఉన్నదానిని కొలుచుట యేల? నీవు బిగించిన చాలును" అంటిమి. అతడు అక్షరములు కూడబలుకుకొని చదువువాడని మే మెఱుగుదుము. ఆ యెఱుక మా కంఠస్వరములో ధ్వనించిన దనుటకు నేడు సిగ్గుపడుచున్నాము.

"పుస్తకం చెప్పేది బండి పుట్టిననాటి మాట, బాబుగారూ. ఇప్పటి సంగతి సిలిండరునే అడగాలి" అని అతడు మా క్రొత్త పిస్టనును సిలిండరులోనికి జార్చెను. వదులుచెప్పులోని పాదమువలె అది కదలాడెను. పిమ్మట పాత పిస్టను నెత్తిమీది మసిని కఱ్ఱపుల్లతో గీకెను. పొగద్వారమువైపు చూపు బాణపుగుర్తును, దాని ప్రక్కను 65.50 అను అంకెయు బయటపడినవి. సిలిండరు అఱిగినపుడు దానిని కొంత పెద్దదిగా తొలిపించి, సాధారణముగా పావు మిల్లీమీటరు మెట్లలో పెద్ద పిస్టనులను వేయుదురు. కొన్నింటిపై వ్యాసమంతయు నుండును. కొన్నింటిపై 25, 50 అను పెంపు మాత్రమే యుండును. మా తండ్రిగారి కాలముననే ఆ సిలిండరు పెరిగియుండెను. మేమెన్నడును విచారింపలేదు.

"అట్లయిన 65.50 తెప్పింతుము" అంటిమి.

"అదీ అచ్చే కదండీ" అని అతడు మైక్రోమీటరును తీసెను.

పిస్టను చూపునకు గుండ్రముగా నున్నను నిజమునకు గుండ్రము కాదు. వేడికి సమముగా వ్యాకోచింపదు గావున పిన్ను వైపునను నెత్తికడను దానిని రవంత సన్నగా చేయుదురు. అందుచేత క్రిందిభాగమున, పిన్నునకు అడ్డముగా కొలువవలెను. అచట 65.44 వచ్చెను. సిలిండరును బోరుగేజితో కొలువగా, రింగులు తాకని అడుగున 65.57, పైభాగమున 65.67 తేలెను. పాత రింగునే సిలిండరులో సమముగా నిలిపి చూడగా దాని కొనల సందు మిల్లీమీటరు దాటినది. క్రొత్తదానికి అందు నాలుగవవంతు చాలును. కావున సిలిండరును మరల తొలిపించి 65.75 పిస్టను వేయుటయే మార్గమని నిర్ణయమయ్యెను.

టూస్ట్రోకు ఇంజనులో సిలిండరు ద్వారములను మూసి తెఱచుటకు వేఱు వాల్వులుండవు, పిస్టనే ద్వారపాలకుడు. అది అఱిగిన రింగులు మాత్రమే మార్చిన పనికిరాదు. పైగా పెట్రోలులో కలిపిన నూనెయే దానికి ప్రాణాధారము. పొగద్వారమువైపు పిస్టనుపై నిలువుగీతలు కనబడినవి. నూనె తగ్గించి మేము చేసిన పొదుపునకు అవి సాక్ష్యములు. తొలిపించిన ప్రతిసారియు సిలిండరుగోడ పలుచనగును. ఆ లోహము మరల రాదు.

ఇంటికి మరలుచు ఆలోచించితిమి. పిస్టనుపట్ల చేసిన తప్పునే మేము మేస్త్రిపట్లను చేసితిమి గదా! చదువనియు, కులమనియు, కొలువనియు మనుష్యుల నెత్తిన పడిన ముద్రను చదివి, వారి నేటి కొలతను తెలిసికొన్నట్లే తృప్తిపడుచున్నాము. ఇట్టి ముద్రలను ఖండించుచు సభలలో మాటలాడిన మేమే, కొట్టులో అడుగిడగానే అట్లు ప్రవర్తించితిమి. చేతిపని చేయువాని జ్ఞానము జ్ఞానము కాదను భ్రాంతి మనలో ఇంకను అఱుగలేదు.

బండి తీసికొనుటకు పోయిననాడు కైపుస్తకమును మేస్త్రికిచ్చి, 65 అను అచ్చుప్రక్కను క్రొత్త కొలతను వ్రాయుమని కోరితిమి. "నా రాత బాగుండదండీ" యని అతడు సంకోచించెను. తుదకు పెన్సిలుతో, మెల్లగా, 65.75 అని వ్రాసెను. ఆ పుటలో మా బండికి నేడు సరిపోవునది ఆ యంకెయే.