నలభై ఆరవ ఏట ఓనమాలు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఖరిదా ఒక పాత పేట. ఉన్నది బెంగాలులోనే అయినా, అక్కడి సందులలో తెలుగు తరతరాలుగా వినిపిస్తూనే ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరును తన ముఖ్యమైన కూడలిగా తీర్చి, ఇరవయ్యవ శతాబ్ది తొలి ఏళ్లలో అక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. 1902లో తూర్పు తీరపు రైలుమార్గంలోని ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెలనుండి జనం పనులకోసం ఆ దారి పట్టారు. కొలిమి దగ్గర, ఇంజను షెడ్డులో, పట్టాలమీద వారికి పని దొరికింది. కాపురాలు వెలిశాయి, గుడులు, బడులు, తెలుగువారి పచారీ కొట్లు వెలిశాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు ఆ రాష్ట్రంలో అధికార భాషా హోదా కల్పించడానికి ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక ముఖ్యంగా ఈ పట్టణపు తెలుగువారే ఉన్నారు.

ఇటువంటి చోట పరభాష రాకుండానే జీవితమంతా వెళ్లదీయవచ్చు. పదిహేడవ ఏట పలాస దాపు పల్లెనుండి ఖరిదాకు కాపురానికి వచ్చిన ఒక ఇల్లాలు ఇరవైతొమ్మిది సంవత్సరాలు అలాగే గడిపింది. ఇరుగుపొరుగు తెలుగువారు. కూరలమ్మి తెలుగు. బజారు పనులు, ఆఫీసు పనులు భర్త చూసుకునేవాడు. బెంగాలీ ఆమెకు పక్కింటి రేడియో వంటిది. చెవినపడేది, దానితో తనకు పని ఉండేది కాదు.

1983 వానాకాలంలో ఒక రాత్రి, వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేస్తున్న ఆమె భర్తకు గుండెనొప్పి వచ్చింది. ఇరుగుపొరుగువారు రిక్షాలో ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు ఆమె వైపు తిరిగి, “కఖోన్ థేకే?” అని అడిగాడు. ఆమె తల ఊపింది. డాక్టరు మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ తల ఊపింది. బయట నిలిచిన మనిషి ఒకరు లోపలికి వచ్చి మధ్యవర్తిత్వం చేసేలోగా కొన్ని నిమిషాలు గడిచాయి. తెల్లవారకముందే ఆయన కన్నుమూశాడు.

ఆ కొద్ది నిమిషాల జాప్యంవల్లనే ప్రాణం పోయిందని డాక్టరు అనలేదు, బంధువులూ అనలేదు. ఆమె మాత్రం చాలాకాలం ఆ నిమిషాలనే లెక్కపెట్టుకున్నది. డాక్టరు అడిగినది “ఎప్పటినుండి?” అని మాత్రమేనని బడిలో బెంగాలీ నేర్చిన చిన్నకూతురు తరువాత చెప్పింది. నొప్పి ఎప్పుడు మొదలైనదో ఆ గదిలో ఆమె ఒక్కతెకే తెలుసు.

ఉద్యోగంలో ఉండగా మరణించినవారి కుటుంబంలో ఒకరికి పని ఇచ్చే ఏర్పాటు రైల్వేలో ఉన్నది. కూతుళ్లిద్దరూ ఇంకా బడిలోనే ఉన్నారు కనుక ఆ పనికి ఆమే పూనుకోవలసివచ్చింది. ఆసుపత్రి వార్డులో ఆయా పని దొరకవచ్చునని సంక్షేమ విభాగపు ఉద్యోగి చెప్పాడు. చెప్పి, “వార్డులో బెంగాలీవారు చాలామంది ఉంటారు. వాళ్ల మాట అర్థం కాకపోతే ఎలా నెగ్గుకొస్తారమ్మా?” అని కూడా అన్నాడు. కాగితాలు కదలడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఆమెకు చిక్కిన గడువు అంతే.

పెద్దవయసులో భాష నేర్చుకునేవారికి మతిమరుపుకంటె సిగ్గు పెద్ద ఆటంకం. పసివాడు మాట తప్పుగా పలికితే ఇల్లంతా మురిసిపోతుంది. నలభై ఆరేళ్ల మనిషి అదే తప్పు పలికితే వినేవారికి నవ్వు వస్తుంది. పదిమందిలో గౌరవంగా బతికిన మనిషి ఒక్కసారిగా మాటలురాని పిల్లగా మారడం సామాన్యమైన సంగతి కాదు. ఆమె మొదటి వారమంతా నోరు విప్పలేదు.

ఆ సిగ్గును పోగొట్టినది పక్క వీధిలో ఉండే ఒక బెంగాలీ పంతులమ్మ. బడినుండి విశ్రాంతి తీసుకున్న ఆ పెద్దావిడను పేటలో అందరూ దిదిమణి అని పిలిచేవారు. ఆమె పుస్తకం తెరవలేదు. ఇల్లు చూపించింది. తువ్వాలు పట్టుకుని “తోయాలే” అన్నది. రవికె బొత్తాము చూపి “బోతామ్” అన్నది. అల్మారాను “ఆల్మారి” అన్నది; బాల్చీని “బాల్తి” అన్నది. అనాసపండు “ఆనారస్”. గోడ కట్టే మేస్త్రీ “మిస్త్రి”. విన్నకొద్దీ తెలుగావిడ ముఖం వికసించింది. ఇవన్నీ తన ఇంటి మాటలే! బెంగాలీవారు తెలుగునుండి తీసుకున్నారా, తెలుగువారే వారినుండి తీసుకున్నారా అని కూతురు చేత అడిగించింది.

దిదిమణి నవ్వింది. “మీరు మా దగ్గర తీసుకోలేదు, మేము మీ దగ్గర తీసుకోలేదు. ఇద్దరమూ ఒకే అంగడిలో అరువు తెచ్చుకున్నాం” అన్నది. ఆ అంగడి పోర్చుగీసువారిది.

1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాత పోర్చుగీసు ఓడలు రెండు తీరాలలోనూ తిరిగాయి. పదహారవ శతాబ్దిలోనే వారు హుగ్లీ నది ఒడ్డున స్థావరం ఏర్పరచుకున్నారు. 1632లో షాజహాను సైన్యం దానిని పట్టుకున్నది. అధికారం పోయినా మాటలు పోలేదు. తీరపు రేవులలో వర్తకులు, నావికులు, దుబాసీలు, వంటవారు తమలో తాము మాట్లాడుకోవడానికి విరిగిన పోర్చుగీసునే వాడేవారు. వారిలో ఎవరూ దానిని బడిలో నేర్వలేదు. 1698లో ఇంగ్లాండు రాజు కొత్త ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన సన్నదులో, ఇక్కడికి పంపే క్రైస్తవ మతాచార్యులు వచ్చిన ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలన్న నిబంధన ఉన్నది. ఇంగ్లీషువాడు ఈ దేశంలో మాట్లాడాలంటే మొదట మరొక పరభాషకు ఓనమాలు దిద్దవలసిన రోజులవి.

నేర్చుకోవడం ఒకవైపే సాగలేదు. మనోయెల్ ద అసుంప్సావ్ అనే పోర్చుగీసు మతాచార్యుడు ఢాకా సమీపంలోని భావాల్ ప్రాంతంలో ఉండి, తాను విన్న బెంగాలీని కాగితం మీద పెట్టాడు. ఆయన కూర్చిన బెంగాలీ వ్యాకరణము, పదకోశము 1743లో లిస్బన్ నగరంలో రోమను లిపిలో అచ్చయ్యాయి. బెంగాలీకి అచ్చయిన తొలి వ్యాకరణం అదే. అంటే, ఆ భాష వ్యాకరణాన్ని మొదట అచ్చుకు ఎక్కించినవాడు దానిని పెద్దవయసులో, తప్పులు పలుకుతూ నేర్చుకున్న ఒక పరదేశి.

ఈ సంగతి ఖరిదా ఇల్లాలికి కొండంత ధైర్యం ఇచ్చింది. పోర్చుగీసువాడి “తుఆల్య” తెలుగు నోట తువ్వాలయింది. బెంగాలీ నోట తోయాలే అయింది. అతని “లెయిలావ్” తెలుగులో వేలం అయింది, బెంగాలీలో నీలామ్ అయింది. ఎవరూ సరిగా పలకలేదు. అయినా బేరాలు ఆగలేదు. ఇన్ని తప్పులు కలిసి మాటలై నిలిచినప్పుడు తన తప్పొకటి ఎక్కువైతే ఏమిటి? ఆనాటినుండి ఆమె కూరలమ్మితో తప్ప అందరితోనూ బెంగాలీలో మాట్లాడసాగింది. తెలుగులో లేని పోర్చుగీసు మాటలూ పట్టుబడ్డాయి: కిటికీకి జానాలా, మేకుకు పెరెక్. చాబిని మాత్రం తాళంచెవితో ముడివేసి గుర్తుపెట్టుకున్నది.

వ్యాకరణంలో ఆమెకు ఒక వరం దొరికింది. వచ్చాడు, వచ్చింది అన్న భేదం బెంగాలీ క్రియకు లేదు. మగవారికీ ఆడవారికీ ఒకటే రూపం. చిక్కు వచ్చినది సంబోధనలో. తెలుగులో నువ్వు, మీరు అని రెండు మెట్లయితే బెంగాలీలో తుయ్, తుమి, ఆప్ని అని మూడు మెట్లు. దిదిమణి తనను తుమి అంటున్నది కదా అని ఆమె కూడా దిదిమణిని తుమి అన్నది. కూతురు నాలుక కరుచుకున్నది. ఆనాటినుండి ఆమె చంటిపిల్లలను తప్ప ఎదురుపడిన ప్రతివారినీ ఆప్ని అనడం మొదలుపెట్టింది. మర్యాద ఎక్కువైతే ఎవరూ కోపగించరు కదా అన్నది ఆమె లెక్క.

అసలు ఉచ్చులు సంస్కృత పదాలలో ఉన్నాయి. పరాయి మాట తెలియదని తెలుసు కనుక మనిషి జాగ్రత్తపడతాడు. తెలిసినదనుకున్న మాటే మోసం చేస్తుంది. బెంగాలీలో ఉపన్యాసమంటే నవల. రాగమంటే కోపం. చేష్ట అంటే ప్రయత్నం. ఉద్యోగానికి పిలిచిననాడు ఒక అధికారి హిందీలో, “శిక్షా కహా తక్?” అని అడిగాడు. ఎంతవరకు చదువుకున్నావని ఆయన ప్రశ్న. ఆమె వణికిపోయి, “నేనే తప్పూ చేయలేదు బాబూ!” అని తెలుగులో అన్నది. హిందీలోనూ బెంగాలీలోనూ శిక్ష అంటే చదువు. ఆ గదిలో ఉన్న తెలుగు గుమాస్తా విషయం వివరించాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, తాను ఐదవ తరగతి వరకు చదివినట్లు బెంగాలీలో జవాబు చెప్పింది. ఐదు నెలల క్రితం అయితే ఆ నవ్వుకు ఆమె మళ్లీ ఆ గడప తొక్కి ఉండేది కాదు.

ఉద్యోగం వచ్చింది. ఆయా అన్న ఆ పదవి పేరు కూడా పోర్చుగీసువారు వదిలిపోయిన మాటే.

వార్డులో ఆమెకు వచ్చిన భాష గొప్పదేమీ కాదు. నీళ్లు, పక్క, మందు, నొప్పి, భయం లేదు, డాక్టరుగారు వస్తున్నారు. ఇటువంటివి రెండు వందల మాటలు ఉంటాయేమో. వాటిలో రెండింటిని మాత్రం ఆమె ఎవరికంటెనూ స్పష్టంగా పలికేది. రాత్రివేళ ఎవరైనా మూలిగితే పక్కన కూర్చుని, “కఖోన్ థేకే?” అని అడిగేది. జవాబు మరచిపోకుండా పెదవులమీద అనుకుంటూ నర్సు దగ్గరకు వెళ్లి చెప్పేది. తెలుగు పల్లెలనుండి కొత్తగా వచ్చిన ఆడవారు వార్డుకు వస్తే డాక్టరు ప్రశ్నను తెలుగులోకి, వారి జవాబును బెంగాలీలోకి మార్చేది. ఆ పని చేయమని ఎవరూ ఆమెకు చెప్పలేదు. దానికి జీతమూ లేదు.

పద్నాలుగేళ్లు ఆమె ఆ పని చేసింది. కూతుళ్లిద్దరి పెళ్లిళ్లు ఆ జీతంతోనే జరిగాయి. 1997లో ఉద్యోగ విరమణనాడు వార్డులోని నర్సులు ఆమెకు పూలదండ వేసి, బెంగాలీలో నాలుగు మాటలు మాట్లాడారు. వాటిలో “అబోసోర్” అన్న మాట పదేపదే వచ్చింది. అది మన అవసరమే. బెంగాలీలో దాని అర్థం విశ్రాంతి, ఉద్యోగ విరమణ. అది విని ఆమె ఈసారి తడబడలేదు. ఆ మాటకు తమ భాషలో “కావలసి రావడం” అని అర్థమనీ, తనకు బెంగాలీ నేర్పినది అదేననీ ఆమె వారికి బెంగాలీలోనే చెప్పింది.