పెళ్ళి కేక్ ఎన్ని కేజీలు చెప్పాలి?

పంటల సంగతులు రాసే చోట ఈ కేక్ గోల ఏంటి అనుకోవద్దు. ఇదీ పెట్టుబడి లెక్కే. పోయిన మే నెలలో మా అన్నయ్య కూతురి పెళ్ళి చేశాం. మాది చర్చి పెళ్ళి, సాయంత్రం రిసెప్షన్‌లో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక కేక్ కొయ్యాలి. ఇంట్లో లెక్కల పుస్తకం రాసేది నేనే కాబట్టి ఆ పని నా మీద పడింది. తిరిగి తెలుసుకున్నవి ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నా.

పిల్ల మనసులో ఐదంతస్తుల కేక్ ఉంది. పట్నంలో ఉన్న పెద్దమ్మ పిల్లల పెళ్ళి ఫోటోలు చూసి పెరిగింది మరి. పైన ఫాండెంట్ అంటారు, పంచదార ముద్దని చపాతీలా ఒత్తి కప్పుతారు. చూడ్డానికి పాలరాయిలా ఉంటుంది. 20 కేజీలు, కేజీ 1500, మొత్తం 30 వేలన్నారు. నేను బేకరీలోనే మనసులో లెక్కేశా. 2024-25లో సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాకి 2300. 75 కేజీల బస్తాకి 1725. అంటే ఆ కేక్ 17 బస్తాల పైమాటే. అదీ కోతకూలీ, మిషను బాడుగ తియ్యకుండా. మా అన్నయ్య అప్పటికే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెళ్ళి చేస్తున్నాడు. పిల్లకి ఆ సంగతి తెలుసు. అయినా కోరిక కోరికే కదా, దాన్ని తప్పుపట్టలేం.

బేకరీ ఆయన మధ్యేమార్గం చెప్పాడు. కింది అంతస్తులు థర్మాకోల్, పైన క్రీమ్ పూత, కోసే పై అంతస్తు ఒక్కటే అసలు కేక్. ఇది కొత్త తెలివేం కాదు. యుద్ధకాలంలో పంచదార కరువై 1940లో బ్రిటన్‌లో కేకుల మీద పంచదార పూతనే నిషేధించారు. అప్పుడు జనం చిన్న కేక్ చేసుకుని, దానిమీద అట్టతోనో ప్లాస్టర్‌తోనో చేసిన పెద్ద కేక్ బొమ్మని అద్దెకి తెచ్చి బోర్లించేవాళ్ళు. ఫోటో అయ్యాక తీసేసేవాళ్ళు. ఈ కథ చెప్తే మా పిల్ల ఒక్కటే మాట అంది: "పాస్టరు గారి చేత థర్మాకోల్‌కి ప్రార్థన చేయిస్తావా బాబాయ్?" అందరం నవ్వేశాం. ఆ బేరం అక్కడితో పోయింది.

చివరికి స్టేజీ మీదకి ఒక కేక్, జనానికి ఒక కేక్ అని విడగొట్టాం. స్టేజీకి రెండంతస్తులది, 4 కేజీలు, బటర్ క్రీమ్. కేజీ 900 చొప్పున 3600. జనానికి కిస్‌మిస్, చెర్రీ ముక్కలు వేసిన ప్లమ్ కేక్, పైన ఏ పూతా లేకుండా, వెడల్పాటి ట్రేల్లో. 450 మందికి మనిషికి 40 గ్రాముల చొప్పున 18 కేజీలు. వంటవాళ్ళు, టెంటు కుర్రాళ్ళు, డ్రైవర్లని ఎవరూ లెక్కలో వెయ్యరు. వాళ్ళకి ఇంకో 2 కేజీలు. 20 కేజీలు 420 చొప్పున 8400. కాగితాలు, డబ్బాలు 600. మొత్తం 12,600. ఐదంతస్తుల దానికన్నా 17,400 తక్కువ. రెండు రూపాయల వడ్డీకి నెలకి 348 మిగిలినట్టు.

ప్లమ్ కేకే ఎందుకంటే, మే నెల ఎండ. కూల్ కేక్ మీది క్రీమ్ మన టెంట్ల కింద అరగంట ఆగదు, జారిపోతుంది. ఎండు పండ్లు, పంచదార ఎక్కువున్న కేక్‌లో తేమ వాటికి పట్టుకుని ఉంటుంది, త్వరగా బూజు పట్టదు. తేమ తగ్గిన గింజ నిలవున్నట్టే అనుకోండి. పొద్దున్నే తెచ్చిపెట్టుకోవచ్చు, మిగిలితే మర్నాడు పంచొచ్చు. మా ఊళ్ళో గుడ్డు తినని ఇళ్ళు కూడా ఉన్నాయి. అందుకని 20 కేజీల్లో 5 కేజీలు గుడ్డు లేనిది చెప్పాం. దానికి ట్రే వేరు, చాకు వేరు.

ఇంకొన్ని జాగ్రత్తలు. కేజీల లెక్కలో కింది అట్ట, స్టాండు బరువు కలిపారా అని అడగండి. యార్డులో తరుగు గురించి గొడవపడే మనం బేకరీలో నోరు మెదపం. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు బరువు, రకం, ఇచ్చే టైము చీటీ మీద రాయించుకోండి. కారులో సీటు మీద పెట్టొద్దు, సీటు వాలుగా ఉంటుంది. కాళ్ళు పెట్టుకునే చోటో వెనక డిక్కీలోనో సమంగా ఉన్న చోట పెట్టి, ఏసీ వేసుకుని మెల్లగా రండి. కేక్ మీద నిజం పూలు గుచ్చుదామని మా వదిన మల్లెమొగ్గలు తెప్పించబోయింది. వద్దన్నా. మల్లెకి మొగ్గతొలిచే పురుగు పడుతుంది, బజారు పూలకి ఏ మందు ఎప్పుడు కొట్టారో మనకి తెలియదు. మల్లెలు బల్ల చుట్టూ కట్టాం, కేక్‌కి తగలకుండా.

అన్నిటికన్నా నేను పట్టుబట్టింది వడ్డన దగ్గర. చాలా పెళ్ళిళ్ళలో చూస్తుంటా. స్టేజీ మీద ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటారు, ఫోటోలవుతాయి, ముందు రెండు వరసలకి ముక్కలొస్తాయి. వెనక కూర్చున్నవాళ్ళకి కేక్ కోసిన సంగతి మైకులో వినపడ్డం తప్ప దాని రుచి తెలియదు. ఆ వెనక కూర్చునేది ఎవరు? మన పొలంలో నాట్లేసే ముఠా వాళ్ళు, కలుపు తీసే ఆడవాళ్ళు. పిలిస్తే ఆ రోజు కూలి మానుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చినవాళ్ళు. అందుకని ట్రేల్లో కేక్ ముందే కోయించి, చర్చి కుర్రాళ్ళు ఆరుగురికి అప్పజెప్పా. స్టేజీ మీద చాకు పెట్టగానే చివరి వరస నుంచి పంచుకుంటూ ముందుకి రమ్మన్నా. బంధువుల్లో ఒకాయన "ఇదేం పద్ధతి, మాకెప్పుడు?" అని విసుక్కున్నాడు. పది నిమిషాల్లో ఆయనకీ వచ్చింది.

మా నాట్ల ముఠాలో ఒక పెద్దామె సగం తిని, మిగతాది కాగితంలో చుట్టి కొంగున ముడేసుకుంది. మనవడికంట. ఇంకో ముక్క ఇమ్మంటే కుర్రాడు ఇచ్చాడు. ఆ అదనపు 2 కేజీలు అందుకే.

పిల్లకి ఐదంతస్తులు దక్కలేదన్న వెలితి కొంచెం ఉండే ఉంటుంది. లేదని నేను చెప్పను. ఫోటోల్లో కేక్ చిన్నగానే కనపడుతోంది. కాకపోతే మా అన్నయ్య ఈ ఖరీఫ్‌కి విత్తనాలు, మొదటి దఫా ఎరువు ఆ 17,400లోనే తెచ్చుకున్నాడు, మళ్ళీ చెయ్యి చాచకుండా.

మీ ఇళ్ళల్లో పెళ్ళి ఉంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి, తర్వాత కేజీలు చెప్పండి. మీ వైపు ఎలా పంచుతారో, ధరలెలా ఉన్నాయో కింద రాయండి. వచ్చే నెలలో ఇంకో ఇద్దరు మిత్రుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళున్నాయి, వాళ్ళకీ పనికొస్తుంది.