తిరగబడ్డ అక్షరాల అచ్చు

అమలాపురంలో మా మేనమామగారి మండువా ఇల్లు విప్పినప్పుడు గోడలోంచి అక్షరాల ఇటుక ఒకటి దొరికింది. మూడు పొడి అక్షరాలు. అవి ఎవరి పేరుకు గుర్తో వీధిలో పెద్దవాళ్ళు కూడా చెప్పలేకపోయారు. ఆ ఇటుకని సంచిలో పెట్టుకుని, మాఘమాసపు ఎండలో కొత్తపేట వైపు గోదావరి గట్టున ఉన్న ఒక ఇటుక బట్టీకి వెళ్ళాను.

భార్యాభర్తలిద్దరు అచ్చులు పోస్తున్నారు. అచ్చులో గుప్పెడు ఇసుక చల్లి, మట్టి ముద్దని విసురుగా కొట్టి, పైన మిగిలింది చేత్తో తీసేసి, నేల మీద బోర్లిస్తే పచ్చి ఇటుక. అచ్చు ఇమ్మని అడిగి తిప్పి చూశాను. అడుగున ఉబ్బెత్తు చెక్క, దాని మీద అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కిన అక్షరాలు. ఆ ఉబ్బు ఇటుకలో గుంట అవుతుంది, ఆ గుంటలో అక్షరాలు తిన్నగా తేలతాయి. కట్టేటప్పుడు సిమెంటు పట్టేది కూడా ఆ గుంటలోనే.

“పేరు దేనికండి?” అని బట్టీ యజమానిని అడిగాను.

“ఆయ్, పేరు లేకపోతే ఎలాగండి? నాలుగు బట్టీల సరుకు ఒక్కచోటే దిగుద్ది. అందులో ఒకరి ఇటుక నీళ్ళకి కరిగిందనుకోండి, మాట నలుగురికీ వచ్చుద్ది.”

నా సంచిలోని ఇటుకని ఆయన వేలితో తట్టి మోత విన్నారు. “బాగా కాలిందండి” అన్నారు. అక్షరాలు మాత్రం పోల్చలేకపోయారు.

రోమ్‌లో రెండువేల ఏళ్ళనాటి ఇటుకల్ని పోల్చగలుగుతున్నారు. అక్కడి ముద్రల్లో మట్టి ఏ ఎస్టేటుదో, యజమాని ఎవరో ఉండేది. మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి తల్లి దొమీషియా లూసిల్లాకి ఇటుకల పనిశాలలుండేవి, ఆమె పేరుతో ముద్రలు దొరికాయి. కొన్నిటి మీద ఏటేటా మారే పాలనాధికారులు, కాన్సుల్‌ల పేర్లు కూడా వేశారు. అంటే సంవత్సరం వేసినట్టే. క్రీ.శ. 123 నాటి ముద్రలైతే కొల్లలు. అక్కడి పాంథియన్ గుడి ముఖం మీద రోమన్ సేనాని అగ్రిప్ప కట్టించాడని రాసి ఉండటంతో, ఇప్పుడున్న కట్టడం ఆయనదేనని చాలాకాలం నమ్మారు. 1892లో ఫ్రెంచి వాస్తుశిల్పి జార్జ్ షెదాన్ గోడల్లోని ఇటుకల ముద్రలు చదివాడు. కట్టడం అగ్రిప్ప పోయాక వందేళ్ళ పైమాట, 2వ శతాబ్దానిదని తేలింది. ముఖద్వారం మీది రాతకన్నా గోడ లోపలి మట్టి సాక్ష్యమే నిలిచింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకొకటి. ఆ ముద్రల్లో చాలాచోట్ల పనిశాల నడిపిన మనిషి పేరు కూడా ఉంటుంది. వాళ్ళలో బానిసలున్నారు, దాస్యం నుంచి విడుదలైనవాళ్ళున్నారు. మన అచ్చుల్లో యజమాని పేరే ఉంటుంది. అచ్చు పోసే ఆమెని అడిగితే ఆరబెట్టిన వరసలో ఏవి తన చేతివో, ఏవి భర్తవో చూపించింది. “ఆయన మూల గట్టిగా నొక్కుతాడు బాబూ, నాది వేలు పక్కకి జారుద్ది.” చూస్తే నిజమే. ఆ గుర్తులు చదవగలిగింది ఆమె ఒక్కతే.

మన పాత ఇటుకల మీద పేర్లున్నాయేమో చూద్దామని సాయంత్రం పి.గన్నవరం మీదుగా మామిడికుదురు మండలం ఆదుర్రు వెళ్ళాను. గోదావరి వైనతేయ పాయ దగ్గర బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. అక్కడి ఇటుకలు ఇప్పటివాటికన్నా ఎంతో పెద్దవి. అంచుల వెంట వంగి వంగి చూశాను. నాకు కనిపించినంతలో ఒక్క అక్షరం లేదు. ఇదే గోదావరి ఒండ్రుని పిసికిన చేతులవి, పేరు లేకుండానే ఉండిపోయాయి.

బట్టీలవాళ్ళకి నాది ఒక్క మనవి. అచ్చులో మీ పేరు పక్కన రెండంకెల్లో ఆ ఏడు కూడా చెక్కించండి, చోటుంటే అచ్చు పోసినవాళ్ళ పేరులో ఒక అక్షరం చేర్చండి. పాత ఇల్లు విప్పేవాళ్ళు అక్షరాల ఇటుక కనిపిస్తే ఒక్కటైనా దాచి, ఇల్లు ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో కాగితం మీద రాసి పక్కన పెట్టండి.