కమ్ అంటే రావడమేనా?

మన కళాశాలలో చదువు ముగించుకొని వెళ్ళినవారిని గురించి "ఫలానా యేడు పాస్ అవుట్ అయ్యాడు" అంటాం. నేనూ చాలాకాలం అలా చెప్పుకొని తిరిగినవాణ్ణే. ఇంగ్లండులో మామూలు మనిషితో ఈ మాటంటే పాపం కంగారు పడతాడు. మిలిటరీ శిక్షణ ముగించినవారి సంగతి వేరుగాని, అక్కడి వాడుకలో పాస్ అవుట్ కావడమంటే స్పృహ తప్పి పడిపోవడం! నవ్వుకోవలసిన సంగతే. కాని ఇలాంటి చిన్నమాటే ఒకనాడు నన్ను నిలువునా యేడిపించింది.

1984లో నేను బి.యస్సీ. రెండవ సంవత్సరం చదువుతున్నాను. మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. ఇంటర్మీడియట్ వరకూ తెలుగు మీడియమే. మా నాయనకు కడుపులో పుండు ముదిరితే మద్రాసులో ఆపరేషను చేయించవలసి వచ్చింది. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి గదా అని తోడుగా నన్ను పంపారు.

ఆపరేషను అయింది. మత్తు ఇంకా వదలలేదు. నేను వరండాలో బల్లమీద కూర్చొన్నాను. ఒక గంటకు మలయాళీ సిస్టరమ్మ తలుపు తీసి, "యువర్ ఫాదర్ హాజ్ కమ్ రౌండ్" అని చెప్పి గబగబా లోపలికి పోయింది. కమ్ అంటే రావడం. రౌండ్ అంటే గుండ్రం, లేదా చుట్టూ. రెండూ హైస్కూల్లో నేర్చినవే. నాయనను చుట్టూ తిప్పి వెనకవైపుకు తెచ్చారు కాబోలు అనుకొన్నాను. "అర్థం కాలేదమ్మా" అని తలుపు తట్టి అడగవచ్చు. కాని నేను ఇంగ్లీషు వచ్చినవాణ్ణాయె!

భవనం చుట్టూ పరుగెత్తాను. వెనకవైపు ఒక గది ముందు ఎవరో ఆడవాళ్ళు తల బాదుకొని యేడుస్తున్నారు. అది శవాలగది. నా కాళ్ళు చచ్చుబడిపోయాయి. అక్కడే కూలబడ్డాను. ఒక వార్డుబోయ్ నన్ను చేయిపట్టుకొని వెనక్కు తీసుకొచ్చేసరికి అరగంట గడిచింది. నాయన కళ్ళు తెరిచి వున్నాడు.

"యాడికి పోయినావురా? కండ్లు తెరిస్తే నువ్వు కనపళ్ళేదే" అన్నాడు నీరసంగా.

నాకు నోరు పెగల్లేదు. కమ్ రౌండ్ అంటే స్పృహలోకి రావడమని సిస్టరమ్మ అప్పుడు విడమరచి చెప్పింది.

నాకు ఇంగ్లీషు రాదనడానికి లేదు. పెద్దమాటలు బాగానే వచ్చును. పోస్ట్‌పోన్, టాలరేట్, ఎక్స్‌టింగ్విష్ అన్నీ కంఠతా పట్టినవాణ్ణి. ఇంట్లోనూ వీధిలోనూ ఇంగ్లీషువాడు వీటి బదులు పుట్ ఆఫ్, పుట్ అప్ విత్, పుట్ అవుట్ అంటాడని మాత్రం తెలియదు. క్రియ ఒక్కటే. తోక మారేసరికి ఒకచోట పని వాయిదా పడుతుంది, ఒకచోట బాధ ఓర్చుకోవలసి వస్తుంది, మరొకచోట దీపం ఆరిపోతుంది. క్రియకు చిన్నమాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి పరదేశీయులకు మిక్కిలి కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో ఒప్పుకొన్నాడు. అది చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది!

తోకల్లోనూ తేడాలున్నాయి. లుక్ ఆఫ్టర్‌లో ఆఫ్టర్ క్రియను అంటిపెట్టుకొని వుంటుంది. లుక్ ఆఫ్టర్ హిమ్ అనాలి. పుట్ ఆఫ్‌లో ఆఫ్ కాస్త జరిగి చోటిస్తుంది. పుట్ ఇట్ ఆఫ్ అనాలేగాని పుట్ ఆఫ్ ఇట్ అనరాదు. ఇక తోక అక్కరలేనిచోట మనమే ఒకటి తగిలిస్తాం. మనకు దేన్ని "గురించి" అయినా చర్చించడం అలవాటు కనుక డిస్కస్ అబౌట్ అంటాం. డిస్కస్ అంటే చాలు.

"ఇదేం భాషండీ బాబూ!" అని విసుక్కొనేముందు మన మాటలు మనం వినాలి. "పిల్లవాణ్ణి చూడు" అన్నదానికీ, "పిల్లవాణ్ణి చూసుకో" అన్నదానికీ యెంత దూరం! మొదటిది లుక్ ఎట్, రెండవది లుక్ ఆఫ్టర్. పడు అనే క్రియ వుంది. కష్టపడతాం, త్వరపడతాం, మాటపడతాం. వీటిలో ఎక్కడా ఎవరూ కిందపడరు. పుట్టినప్పటినుంచీ మన చెవిలో పడ్డవి గనుక వీటికి ఎవరూ మనకు అర్థం చెప్పలేదు. ఇంగ్లీషు తోకలూ అంతే. జాబితాలు రాసి బట్టీపడితే రావు. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో దానితోబాటు పట్టుకొంటేనే నిలుస్తాయి. కమ్ రౌండ్ నేనిక జన్మలో మరువను గదా!

పదిరోజుల తరువాత నాయనను ఇంటికి తెచ్చినప్పుడు మా అమ్మ అడిగిన మొదటిమాట, "ఎంతసేపటికి తెలివొచ్చిందిరా?" అని. ఉలిక్కిపడ్డాను. నిఘంటువు చేతబట్టిన పరదేశి ఎవరైనా వింటే, ఆసుపత్రికి పోయి మా నాయన తెలివైనవాడయ్యాడనుకొంటాడు! వాళ్ళ మాటలోనూ రావడమే, మన మాటలోనూ రావడమే.

ఈ సంచిక చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పేది ఒక్కటే. మాట అర్థంకానప్పుడు అడగండి. అడిగితే పోయే పరువు క్షణకాలం. అడగనందుకు, కళ్ళు తెరిచిన తండ్రికి కొడుకు కనపడకపోవడం జీవితకాలం.

అమ్మకు ఆనాడు సగమే జవాబు చెప్పాను. నాయనకు గంటలో తెలివి వచ్చింది. నాకు మాత్రం ఇంకో అరగంట పట్టింది.